ఆగి ఆగి వణికితే చెల్లె

మొన్న ఒక అమ్మాయి మా షాపు ముందు స్కూటీ ఆపింది. ఇంటింటికీ పార్శిళ్ళు చేరవేసే కంపెనీ చొక్కా వేసుకుంది. తన ఫోను అడుగుభాగం చూపించి చార్జరు కావాలని సైగ చేసింది. నేను వెతికి తెచ్చేలోపు ఆ ఫోనును నా గాజుబల్ల మీద చాక్లెట్ల డబ్బాకు ఆనించి నిలబెట్టి, రెండు చేతులతో మాట్లాడడం మొదలుపెట్టింది. ఫోన్లో అవతల ఇంకో అమ్మాయి, ఆమె కూడా చేతులతోనే. ఏం చెప్పుకున్నారో గాని ఇటువైపు పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

నా బల్ల మీద ఎవరైనా మోచెయ్యి ఆనిస్తేనే నాకు చిర్రెత్తుకొస్తుంది. అలాంటిది ఆ రోజు నేనే స్టూలు తెచ్చి వేశాను. లోపలి నుంచి మా ఆవిడ తొంగి చూసి, "ఏందీ, పానం మంచిగున్నదా?" అంది. మంచిగా లేదు. ఆ చేతులను చూస్తుంటే, ఒకప్పుడు ఇదే బల్లకు ఎదురుగా, రోడ్డుకు అవతల కూరగాయల కుప్పల వెనక కూర్చున్న ఒకామె గుర్తొచ్చింది. ఆమె పోయి ఏడాది దాటింది.

ఆలూరు నుంచి పొద్దున్నే ఆటోలో గంపలు వేసుకుని చేవెళ్లకు వచ్చేది. పుట్టు చెవిటి. ఊరంతా ఆమెను మూగామె అనేవాళ్ళు. అలా అన్నవాళ్ళు ఆమెతో ఎప్పుడూ బేరమాడలేదని నా నమ్మకం. ధర తగ్గించమంటే టమాటా ఒకటి తీసి తన చెంప పక్కన పెట్టుకుని, ఇంత ఎర్రటిది నీకు ఇంకెక్కడ దొరుకుతుందన్నట్టు కళ్ళెగరేసేది. ఇంకా గీచిగీచి అడిగితే సంచిలో వేసినవి వేసినట్టు తీసేసి, మొహం రోడ్డు వైపు తిప్పుకునేది. అంతే, బేరం ముగిసింది. మనం ఎంత అరిచినా ఆమెకు వినబడదు, మన వైపు చూస్తే కదా మన చేతులు కనబడేది. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఆ తిప్పిన మొహం ముందు నిలబడి నీళ్ళు నమలడం నేను చూశాను. మనసారా సంతోషించాను కూడా.

మనుషులందరికీ ఆమె దగ్గర ఒక్కో సైగ ఉండేది. అదే వాళ్ళ పేరు. చొక్కా జేబు మీద అరచెయ్యి అదిమితే భూముల బ్రోకరు. కళ్ళజోడు నెత్తిమీదికి తోసినట్టు చూపిస్తే, ఆదివారాలు కార్లలో వచ్చి తోటలు, ఫామ్‌హౌసులు చూసిపోయే పట్నం వాళ్ళు. నా పేరు, చెవి దగ్గర చెయ్యి. మాది తరతరాల కిరాణా కుటుంబం. మా నాయన తిట్టినా వినకుండా నేను ఎస్టీడీ బూత్ పెట్టాను. పొద్దస్తమానం రిసీవరు చెవికి ఆనించుకుని ఉంటాను కాబట్టి ఆ పేరు నాకు సరిపోయింది.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. పట్నంలో ఐటీ పెరిగినకొద్దీ మొయినాబాద్ దాకా, మా చేవెళ్ల దాకా భూముల ధరలు పెరిగాయి, వాటితోపాటే టవర్లు లేచాయి. నా బూత్ సెల్‌ఫోన్ల షాపు అయింది. ఎవరిని చూసినా చెవి దగ్గరే చెయ్యి. నా పేరు ఊరందరి పేరైపోయేసరికి ఆమెకు చిక్కొచ్చిపడింది. కొన్నాళ్ళు ఆలోచించి నాకు కొత్త పేరు పెట్టింది. ఈగలు తోలినట్టు చేతిని వెనక్కి విసరడం. షాపు ముందు నిలబడ్డవాళ్ళను నేను తోలినట్టే. నాకు కోపం వచ్చింది. మా ఆవిడ మాత్రం ఆ పేరు విని, కాదు చూసి, తలుపు పట్టుకుని నవ్వింది.

ఆమెకు ఒక చెల్లెలు. ఆమె కూడా పుట్టు చెవిటే. మొయినాబాద్ పక్కన ఎంకపల్లిలో ఇచ్చారు. ఆ చెల్లెలి పేరు, కనుబొమ మీద వేలితో చిన్న గీత, అక్కడ మచ్చ ఉండేది. బడి మొహం ఎరగని ఆ ఇద్దరూ చిన్నప్పటి నుంచి తమలో తాము కల్పించుకున్న సైగలతో మాట్లాడుకునేవాళ్ళు. కన్న తల్లిదండ్రులకే అందులో సగం అర్థమయ్యేది కాదట. మొత్తం తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే.

నెలకోసారి, రెండు నెలలకోసారి చెల్లెలు బస్సెక్కి వచ్చేది. ఆ రోజు అక్కకు బేరాల మీద ధ్యాస ఉండేది కాదు. కొత్తిమీర కావాలన్నవాడికి కొత్తిమీర చేతికిచ్చి, పైసలు గంపలో వెయ్యమని మూతితో చూపించి, మళ్ళీ చెల్లెలి వైపు తిరిగేది. అత్తగారి నడక, బావగారి గురక, పక్కింటి బర్రె ఈనడం, అన్నీ ఆ చేతుల్లో ఆడేవి. బస్సు కదిలాక కూడా చెల్లెలు వెనక అద్దంలోంచి చేతులాడిస్తూనే ఉండేది. ఈమె రోడ్డు మధ్యలో నిలబడి జవాబిచ్చేది. ఆర్టీసీ బస్సు కనుమరుగయ్యేదాకా మాట్లాడుకోగలిగిన అక్కాచెల్లెళ్ళను నేను వాళ్ళనే చూశాను.

ఫోను సంగతి ఆమె తనంతట తానే కనుక్కుంది. ఒకరోజు సొరకాయ ఇవ్వడానికి వచ్చినప్పుడు నా ఫోను బల్ల మీద వణుకుతూ పక్కకు జరుగుతోంది. ఆమె దాని మీద అరచెయ్యి పెట్టి ఉలిక్కిపడింది. మళ్ళీ పెట్టింది. ఇది ఎవరు చేస్తున్నారని అడిగింది. మా బామ్మర్ది, వికారాబాద్ నుంచి అని చూపించాను. అంత దూరం నుంచా? దూరం నుంచే. ఆమె మొహం చూడాలి ఆ క్షణాన. తర్వాత చెల్లెలు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి నా దగ్గర రెండు బటన్ ఫోన్లు కొన్నారు.

వాళ్ళ ఏర్పాటు చాలా తేలిక. పొద్దున గంపలు సర్దుకున్నాక ఈమె నడుముకు కట్టుకునే గుడ్డసంచిలో ఫోను ఒక్కసారి వణికేది. చెల్లెలు లేచింది, బాగుంది అని అర్థం. ఈమె తిరిగి ఒకసారి చేసి కట్ చేసేది. నేనూ బాగున్నాను. అంతకుమించి ఒక్క ముక్క లేదు. కాని వణికిన ప్రతిసారీ నడుము మీద తట్టుకుని, కనుబొమ మీద గీత గీసి, ఎదురుగా నా వైపు చూసి నవ్వేది. రోజూ అదే సంగతి రోజూ కొత్తగా చెప్పేది. నేనూ రోజూ ఆశ్చర్యపోయినట్టు తలాడించేవాణ్ణి.

అది చెడగొట్టింది కంపెనీ. అదే పనిగా ప్రచారం ఫోన్లు మొదలయ్యాయి. మీ ఫోనుకు పాట పెట్టుకోండి, ఫలానా నొక్కండి అని రికార్డు చేసిన గొంతు. పుట్టి పాటంటే ఏమిటో ఎరగని మనిషికి పాటలు అమ్మడం. ఆమెకు తెలిసింది మాత్రం ఒక్కటే, ఫోను వేళ కాని వేళలో వణుకుతోంది. వణికితే చెల్లెలే కదా. గాభరాపడి తిరిగి చేసేది. అవతల చెల్లెలు, అక్క ఇప్పుడెందుకు చేసిందని బెదిరేది. ఒకసారి మధ్యాహ్నం ఎండలో, చేతికంటిన పిండి అట్లాగే ఎండిపోయి, చెల్లెలు బస్సు దిగి పరుగెత్తుకొచ్చింది. అక్క కూర్చుని తీరిగ్గా బెండకాయలు ఏరుతోంది. ఇద్దరూ ఒకరి వీపు మీద ఒకరు చరుచుకుని నవ్వి, వెంటనే ఏడ్చారు.

ఇదేదో ఆపిద్దామని నేను కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒక కుర్రాడు దొరికాడు.

"సర్, కస్టమర్ లైన్‌లో ఉన్నారా?"

"ఉన్నది. నా పక్కన్నే ఉన్నది. గని ఆమెకు వినబడది, మాటలు రావు. అందుకే నేను చేస్తున్న."

"సారీ సర్. కస్టమరే స్వయంగా వారి పేరు, అడ్రస్ చెప్పాలి. అప్పుడే కంప్లెయింట్ తీసుకోగలం."

"అరె భాయ్, ఆమెకు మాటలొస్తే నేనెందుకు చేస్త? వినబడదని గదా చెప్తున్న!"

"మీ ఇబ్బంది అర్థమైంది సర్. కానీ కస్టమర్ వాయిస్ కావాలి సర్."

నా మొహం చూసి ఆమె విషయం పసిగట్టింది. నన్ను మాట్లాడమంటున్నారా అని తన నోటి వైపు చూపించుకుంది. అవునన్నాను. ఫోను లాక్కుంది. చెవికి కాదు, నోటికి ఎదురుగా పట్టుకుంది, అద్దం పట్టుకున్నట్టు. కళ్ళు మూసుకుని గొంతెత్తింది. ఆమె గొంతు నేను అంతకుముందు వినలేదు. పెద్దగా, బొంగురుగా, ఎక్కడా మాటగా విడిపోకుండా పొట్టలోంచి వచ్చింది. ఆటోవాళ్ళు, పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆమె, అంతా తిరిగి చూశారు. ఆమె చెప్పాల్సింది మొత్తం చెప్పి, నాకు ఫోను ఇచ్చేసింది.

"సర్, వాయిస్ క్లియర్‌గా లేదు సర్," అన్నాడు కుర్రాడు. తర్వాత లైను తెగిపోయింది.

ఏమన్నారని ఆమె అడిగింది. ఏం చెప్పను? చెయ్యి వెనక్కి విసిరి చూపించాను, తోలేశారని. అది నా పేరే కదా. నిన్నే తోలేశారా అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు మా ఆవిడను ఫోన్లో పెట్టి, నేనే ఆమెను అని పేరూ ఊరూ చెప్పించాను. గొంతు ఎవరిదైనా వాళ్ళకు పట్టింపు లేదు, గొంతుంటే చాలు. కంప్లెయింట్ తీసుకున్నారు. కొన్నాళ్ళు ప్రచారం ఫోన్లు ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి.

ఆ రోజుల్లో మొయినాబాద్ దగ్గర కొత్త విల్లాల్లో ఉండే ఒక కోస్తా ఆవిడ ఆదివారాలు కూరగాయల కోసం వచ్చేది. ఐటీలో పెద్ద ఉద్యోగం. ఆమెను అడిగాను, చెల్లెలి నెంబరుకు ఒక రకంగా, మిగతావాటికి ఇంకో రకంగా ఫోను వణికేటట్టు చెయ్యొచ్చా అని.

"ఈ ఫోన్లో కుదరదండీ. పాటలైతే ఒక్కో నెంబరుకు ఒక్కోటి పెట్టుకోవచ్చు," అంది. మళ్ళీ తనే, "విచిత్రం చూడండి, మా ఆఫీసులో మేం చేసేది ఇలాంటి పనేనండీ. వినబడనివాళ్ళు టైపు చేస్తే మధ్యలో ఒక మనిషి చదివి అవతలివాళ్ళకు చెప్పే సర్వీసు. అమెరికా కంపెనీకి," అంది.

"మరి మనోళ్ళకు మేడం?"

"అక్కడ చట్టం ఉందండీ, పెట్టి తీరాలి. ఇక్కడ ఎవరూ అడగలేదు."

"అడిగే నోరు లేనోళ్ళను పట్టుకొని అడగలేదంటే ఎట్ల మేడం?"

ఆవిడ మంచి మనిషే. ఆ రోజు బేరమాడకుండా కొనుక్కుని వెళ్ళింది.

చివరికి అక్కాచెల్లెళ్ళే ఉపాయం కనిపెట్టారు. కంపెనీ ఫోను ఒక్కసారే వస్తుంది, పొడుగ్గా వణికి ఊరుకుంటుంది. కాబట్టి ఒక్కసారి వణికితే లెక్కచెయ్యొద్దు. ఆగి ఆగి మళ్ళీ మళ్ళీ వణికితే అది చెల్లెలు. అంతా క్షేమం. ఈమె ఈ కొత్త ఏర్పాటు నాకు ఎంత గర్వంగా చూపించిందో! కంపెనీని ఓడించామన్నట్టు నా బల్ల మీద చరిచింది. నేనూ మెచ్చుకున్నాను.

చెల్లెలు, ఆమె భర్త ఇద్దరూ ఎంకపల్లి పక్కన ఒక ఫామ్‌హౌసు కట్టే చోట కూలికి వెళ్ళేవాళ్ళు. ఒకరోజు పొద్దున చెల్లెలు పరంజా మీద నుంచి పడింది. తలకు దెబ్బ. తెలివి ఉంది. పట్నం దవాఖానకు తీసుకుపోయారు. ఇదంతా మాకు తర్వాత తెలిసిన సంగతి.

చేవెళ్లలో ఆ పొద్దున మాకు తెలిసింది ఇంకోటి. ఆమె సంచిలో ఫోను వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది. ఆమె నడుము తట్టుకుని కనుబొమ మీద గీత గీసింది. మళ్ళీ వణికింది. ఆమె తిరిగి చేసింది. మళ్ళీ, మళ్ళీ. ఇన్నిసార్లు చెల్లెలు ఎప్పుడూ చెయ్యలేదు. ఈరోజు దానికి పిచ్చెక్కింది, నన్ను ఆటపట్టిస్తోందని ఆమె అందరికీ చూపించింది. ఉల్లిగడ్డలామె చెయ్యి పట్టి తన నడుము మీద పెట్టుకుని, చూడు, చూడు అంది. రోడ్డు దాటి వచ్చి నా అరచేతిలో ఆ ఫోను పెట్టింది. అది పిట్టలా వణుకుతుంటే ఇద్దరం నవ్వాం. ఆమె అంత సంతోషంగా ఉండడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. బేరానికి వచ్చినవాళ్ళకు గుప్పెడు మిరపకాయలు ఊరికే వేసింది.

సాయంత్రం ఎంకపల్లి నుంచి బండి మీద ఒకతను వచ్చి నా షాపు ముందు ఆగాడు. "సేటు, ఆలూరు మూగామె ఈడ్నే కూసుంటదట గదా. ఆమె చెల్లె సచ్చిపోయింది. జర జెప్పు," అన్నాడు.

నేనే చెప్పాలి. రోడ్డు దాటాను. కనుబొమ మీద గీత గీశాను. ఆమె నవ్వుతూ నడుము తట్టుకుంది, అవును, పొద్దంతా పిలిచింది అని. నేను మళ్ళీ గీత గీసి, పోయిందని అరచెయ్యి వెల్లకిలా తిప్పాను. ఆమె నా చేతిని దులిపేసింది. ఫోను తీసి నా మొహం ముందు పెట్టింది. పిలిచింది కదా, నువ్వే పట్టుకున్నావు కదా, నవ్వావు కదా. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె ఇంకా గట్టిగా ఫోను ఆడించింది. బండి మీద వచ్చినతను తల దించుకుని నిలబడడం చూశాక, గంపల మధ్య అట్లాగే కూలబడింది.

నా బండి మీదే ఎంకపల్లికి తీసుకుపోయాను. శవాన్ని అప్పుడే ఇంటి ముందు దించారు. చెల్లెలి భర్త మమ్మల్ని చూడగానే లేచి వచ్చాడు.

"ఎన్నిసార్లు చేసిన సేటు! పొద్దున్నించి చేస్తనే ఉన్న. ఎత్తలే. అటెన్క ఆమెనే తిరిగి చేసింది. ఎత్తి అంత చెప్పిన. గిట్ల పడ్డది, నీకోసమే చూస్తున్నది, జల్ది రా వదినే అని."

"ఆమెకు వినబడదని తెల్వదా నీకు?"

నా అరుపుకు అక్కడున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. అతను ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

"తెలుసు. గని పానం మీదికొస్తే ఫోన్ చెయ్యక ఏం జెయ్యాలె సేటు?"

నేను పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాను. 

ఆమె చెల్లెలి దగ్గర కాసేపు కూర్చుని లేచింది. మరిది దగ్గరికి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని పైకెత్తింది. ఏం చెప్పింది? చేతులతో ఏం చెప్పింది? అదే అడుగుతోందని అందరికీ తెలిసిపోయింది. అతను కళ్ళు తుడుచుకుని గుర్తు చేసుకున్నాడు.

"మొదలు నడుము మీద కొట్టుకున్నది. ఊకె కొట్టుకున్నది. నడుం నొస్తున్నదేమో అనుకున్న." తన నడుము మీద తట్టుకుని చూపించాడు. ఆ ఒక్కటి నాకూ అర్థమైంది. అక్కకు ఫోను చెయ్యమంది. "అటెన్క గిట్ల." రెండు అరచేతులూ బోర్లించి, దగ్గరికి తెచ్చి, ఒక వేలు గడ్డం కింద పెట్టుకున్నాడు.

ఆమె అతని చేతుల్ని మళ్ళీ మొదటికి తెచ్చింది. ఇంకోసారి. అతను చేశాడు. వేళ్ళు వంచి చూపించింది, ఇట్లానా? చాచి చూపించింది, ఇట్లానా? గడ్డం కింద చూపుడువేలా, చిటికెన వేలా? పక్కకు లాగిందా, కిందికా? అతను ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చేశాడు. చివరికి చేతులు వదిలేసి, "యాదికి లేదు సేటు. నేను సరిగ చూడలే," అని భోరుమన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో తిండి, నీళ్ళు, రా, పో, ఆ నాలుగు సైగలతోనే గడిపేసిన మనిషి. అతని మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆ ఏడుపు చూసి జాలీ కలిగింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ గంపలతో వచ్చింది. ఫోను తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. టమాటాలు అమ్మింది, మొహం తిప్పుకుంది, కొత్తగా వచ్చినవాళ్ళకు పేర్లు కూడా పెట్టింది. కాని చేతులు బాగా తగ్గించేసింది. ఎవరితో మాట్లాడుతుంది? మాకందరికీ వచ్చింది ధరల భాషే. ఒకసారి ధైర్యం చేసి, ఆ చేతుల సైగ నేను చేసి చూపించి, నీకు అర్థమైందా అని అడిగాను. ఆమె నా చేతుల వైపు కాసేపు చూసింది. మొహం రోడ్డు వైపు తిప్పుకుంది. నేను ఇంకెప్పుడూ అడగలేదు.

ఆమె పోయినప్పుడు ఆలూరు వెళ్ళాను. ఆమె చేతులు రెండూ కలిపి గుడ్డతో కట్టి ఉంచారు. అందరికీ అలాగే కడతారని తెలిసినా చూడలేక బయటికి వచ్చేశాను.

మొన్న ఆ పార్శిళ్ళ అమ్మాయి వెళ్ళబోతుంటే ఆపాను. నాకేం పుట్టిందో తెలియదు. రెండు అరచేతులూ బోర్లించి, దగ్గరికి తెచ్చి, వేలు గడ్డం కింద పెట్టాను. ఆ అమ్మాయి శ్రద్ధగా చూసింది. మళ్ళీ చెయ్యమంది. చేశాను. ఫోన్లో ఉన్న స్నేహితురాలికి కూడా తను చేసి చూపించింది. ఇద్దరూ ఏదో చర్చించుకుని, తల అడ్డంగా ఊపారు. తన ఫోన్లో టైపు చేసి నా ముందు పెట్టింది: "ఈ మాట మాకు తెలియదు అంకుల్. ఎవరు చెప్పారు?"

నేను కనుబొమ మీద గీత గీశాను. ఆ పిల్లకేం తెలుస్తుంది? నడుము మీద తట్టుకున్నాను. ఆ అమ్మాయికి వెంటనే అర్థమైనట్టు మొహం వెలిగింది. నేను ఫోను కోసం వెతుక్కుంటున్నాననుకుని, ఇదిగో ఇక్కడే ఉంది కదా అని, గాజుబల్ల మీదున్న నా ఫోను తీసి చేతిలో పెట్టింది.